ఎర్ర ముల్లు దిగని జూలై

జూలై 2

పక్కింట్లో ఉండే అక్క కారు నా షెడ్డులోకి తెచ్చాను. ఏసీ పెడితే కాసేపు చల్లగాలి బాగానే వస్తుంది. తరవాత ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయి వేడిగాలి కొడుతుంది. ఇంజను ఆపి కాఫీ తాగొస్తే మళ్ళీ చల్లగాలి. మళ్ళీ అదే కథ.

బయట ముప్ఫై ఒకటి డిగ్రీలు. ఉత్తరాన చలిదేశంలో ఉన్న మా లోవ్‌సెలెలో ఇంత ఎండ నేను పుట్టాక ఎరగను. సరస్సులో దిగిన పిల్లలు పెదవులు నీలం కాకుండా బయటికొస్తున్నారు.

అక్క షెడ్డు గుమ్మం పక్కన నీడలో కూర్చుంది. నావైపే చూస్తోంది గానీ చూపు నామీద లేదు.

"ఎవరది, తూరేనా?"

"కాదు, రాజుగారు."

"రాజుగారి ఒంటికి గ్రీజు కంపెందుకు ఉంటుంది? నువ్వే."

అక్క నరాల జబ్బు గురించి డాక్టరమ్మ ఒకసారి నాకు అర్థమయ్యే భాషలో చెప్పింది. వైరు మీద తొడుగు ఊడిపోతే కరెంటు ఎలా తడబడుతుందో అలాగట. ఒళ్ళు అర డిగ్రీ వేడెక్కితే చాలు, కళ్ళు, కాళ్ళు, గొంతు ఒకటొకటిగా ఆరిపోతాయి. చల్లబడితే తిరిగొస్తాయి. అందుకే మెర్తక్కకి కారులో చల్లగాలి సుఖం కాదు, కాళ్ళు.

ఇరవై ఆరో తారీకు శనివారం కొండదొడ్డి దగ్గర జనం కలుస్తారు. మా అమ్మమ్మల కాలంలో ఆడవాళ్ళు ఆవుల్ని తోలుకెళ్ళి వేసవంతా ఉండిపోయిన చోటు. అక్కడ బిర్గిట్ ఇప్పటికీ ఆవుల్ని ఉంచుతుంది. ఆవిడే ఫోను చేసి, అడవిలోంచి ఆవుల్ని రప్పించే మీ అమ్మమ్మ పిలుపు ఒక్కసారి పిలవాలి మెర్తా, ఇంకెవరికీ రాదు అందట. అక్క సరేనంది. నన్ను ఒక్క మాట అడగలేదు. దారి రెండు గంటలు, అంతా కంకర. జేబుల్లో మంచుముద్దలు పెట్టే మంచు చొక్కా వేసుకున్నా సగం దారిలో కరిగిపోతుంది. నా వ్యానులో చల్లగాలి లేదు. తిరిగే సీటు, చేత్తో నడిపే మీటలు ఉన్నది ఈ కారులోనే. కాబట్టి ఈ కారే బాగుపడాలి.

జూలై 3

మా ఊళ్ళో ఎవరి కారు వేడెక్కినా ముందు ముక్కు చూడాలి. చలికాలంలో ఇంజను గడ్డకట్టకుండా జాలీకి అడ్డం పెట్టిన అట్ట జూన్ దాకా మరిచిపోయే మహానుభావులు సగం మంది ఉన్నారు. అక్క కారుకి అట్ట లేదు. ఉండదు. ఏప్రిల్ ఆఖరి సాయంత్రం చలికాలానికి వీడ్కోలు మంటలో నా చేత్తో నేనే వేశాను.

గేజీలు తగిలించాను. గ్యాస్ తక్కువ ఒత్తిడి చూపే నీలం పక్క ఉండాల్సినదానికన్నా ఎక్కువ. ఎక్కువ ఒత్తిడి చూపే ఎర్ర పక్క పదిహేను దగ్గర నిలబడాల్సిన ముల్లు ఇరవై దాటింది, ఇరవై అయిదు దాటింది, ఇరవై ఎనిమిది దగ్గర టక్కుమని కంప్రెసర్ కట్టయింది. కాపలా స్విచ్చు తన పని తను చేసింది. లేకపోతే గొట్టం పగిలేది.

రెండు పక్కలా ఎక్కువ అంటే గ్యాస్ ఎక్కువ పోసి ఉండాలి. మొత్తం మిషన్‌లోకి లాగి తూచాను. ఎంత ఉండాలో అంతే ఉంది.

ఇన్నేళ్ళుగా చేస్తున్నా ఈ పని నాకు పాతబడలేదు. చలి అనే వస్తువు ఎక్కడా లేదు. చలిని తయారుచేసే మిషను లేదు. ఉన్నది వేడి ఒక్కటే. దాన్ని అక్క మోకాళ్ళ దగ్గర ఎత్తుకుని, గొట్టంలో దాచి, కారు ముక్కు దగ్గరికి మోసుకెళ్ళి, లోకంలోకి విదిల్చేస్తుంది ఈ గ్యాస్. మంచుకన్నా చల్లగా ఉన్నప్పుడు మరుగుతుంది, చెయ్యి కాలేంత వేడిగా ఉన్నప్పుడు నీరవుతుంది. ఇలా అని చెబితే బళ్ళో నేను నమ్మలేదు, మాస్టారికి మతి చెడిందనుకున్నాను. ఇవాళ గొట్టానికి ఒక చెయ్యి, ఇంకో గొట్టానికి ఒక చెయ్యి ఆనించి నిలబడితే ఒకటి కాలింది, ఒకటి జివ్వుమంది. ఎదురుగా ఉన్నదాన్ని నమ్మక చస్తానా.

జూలై 4

దొరికింది. లోపలికి మామూలు గాలి దూరింది. అది నీరవదు, ఇరుక్కుని ముల్లుని పైకి నెడుతుంది. రేపటితో అయిపోతుంది.

జూలై 5

గాలంతా పీకేసి పొద్దంతా ఖాళీగా పెట్టాను. ముల్లు సున్నా కింద కదలకుండా నిలబడింది. ఎక్కడా లీకు లేదు. కొత్త గ్యాస్ తూచి ఎక్కించాను. అక్కని కూర్చోబెట్టుకుని బయల్దేరాను. వంతెన దాకా స్వర్గం. తను పాట మొదలుపెట్టబోయింది కూడా. వంతెన దాటగానే వేడిగాలి.

"ఏం ఫరవాలేదులేరా, వంతెన దాకా వెళ్ళొచ్చాం కదా," అంది.

తిరిగొచ్చాక తన కాళ్ళు నేలకి ఆనలేదు. ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాను. ఎంత తేలికైపోయిందో.

జూలై 7

ఎవర్ట్ కాఫీకి వచ్చాడు. అవతలి ఒడ్డున ఉంటాడు, చేపలు పడతాడు, చేపలు పడనప్పుడు కబుర్లు పడతాడు. కాఫీలో జున్ను ముక్క నానేసుకుని షెడ్డులో చతికిలబడ్డాడు.

"మీ అక్క కొండదొడ్డి దగ్గర పిలుస్తుందటగా?"

"చూడాలి."

"పిలుపంటే గుర్తొచ్చింది. నీకో సంగతి చెప్తా, నవ్వనని ఒట్టెయ్యి."

"వెయ్యను."

"పోనీ నవ్వు. ఫిబ్రవరిలో మైనస్ ముప్ఫై నాలుగు పడ్డ వారం గుర్తుందా? నువ్వు ఎగువ అడవిలో చెట్లు కొట్టే మిషన్ల దగ్గరున్నావులే. సరస్సు మధ్యలో మంచుకి కన్నం వేసుకుని కూర్చున్నా. పొగమంచు, చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. అప్పుడు వినపడిందయ్యా. ఎవరో ఆవుల్ని పిలుస్తున్నారు. ఫిబ్రవరిలో! గడ్డకట్టిన సరస్సు మీద! ఏ ఆవు వస్తుందయ్యా అక్కడికి?"

"ఎంత తాగావు?"

"తాగలేదు. అంటే తాగాను, అంత తాగలేదు. గాలం వదిలేసి లేచి నిలబడ్డా. టోపీ తీశా. ఎందుకు తీశానో నాకే తెలీదు. చెవులు గడ్డకట్టాయి."

"చలి బిగిస్తే మంచు పాడుతుంది ఎవర్ట్. చిన్నప్పట్నుంచి వింటున్నాంగా."

"మంచు పాడటం నాకు తెలుసు. మంచు ఊపిరి పీల్చుకోదు," అన్నాడు.

నవ్వాను. ఒట్టు వెయ్యలేదు కాబట్టి తప్పు లేదు.

జూలై 10

ఇవాళ ఎరుపు ఇరవై ఆరు దాటుతుండగా తోట గొట్టం తెచ్చి కారు ముక్కు మీద నీళ్ళు కొట్టాను. నా కళ్ళముందే ముల్లు ఇరవై రెండు, పద్దెనిమిది, పదహారుకి దిగింది. లోపల చల్లగాలి ఈలవేసింది. నీళ్ళు ఆపగానే మళ్ళీ ఎక్కింది. పాతికసార్లు చేసుంటాను ఈ ఆట. గుప్పెడు నీళ్ళకి లోపలున్న అంత ఒత్తిడి తల వంచడం చూస్తుంటే చిన్నపిల్లాణ్ణయిపోతాను.

సంగతి తేలింది. గొట్టాల్లో తప్పు లేదు. మోసుకొచ్చిన వేడి ముక్కు దగ్గర దిగట్లేదు. గాలి ఆడట్లేదు. ముందు అట్ట లేదు, నేనే తగలబెట్టాను. జాలీ శుభ్రంగా ఉంది. కాబట్టి ఫ్యాన్. తిరుగుతోంది గానీ ఊపు లేదు.

జూలై 11

ఫ్యానే. ఖాయం. ఆర్డరిచ్చాను.

జూలై 15

ఫ్యాను వచ్చింది, బిగించాను. ఎర్ర ముల్లు ఇరవై ఎనిమిది. టక్.

ఇంజను వేడి చూపే ముల్లు కూడా ఒక గీత పైన ఉంది. ఈ ఎండకి అంతేలే.

అక్క మంచు చొక్కా వేసుకుని వరండాలో కూర్చుంది. ఫ్రిజ్‌లో ముద్దలు గట్టిపడే లోపల పాతవి కరిగిపోతున్నాయి.

"ఏమైందిరా?"

"ఫ్యాన్ కాదు."

"అట్ట చూశావా?"

"అట్ట నేనే తగలబెట్టానని ఎన్నిసార్లు చెప్పాలి?"

"తమరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాన్న పోలిక."

"మరి నువ్వే వచ్చి చూసుకో!"

అనేశాను. తను నడవలేదు కదా అని అన్నాక గుర్తొచ్చింది. తను నవ్వింది. అదే ఎక్కువ బాధ.

జూలై 16

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

మూడు వేసవుల కింద అమ్మని సమాధికి సాగనంపిన రోజు అక్క లేచి నిలబడింది, అమ్మకి అమ్మమ్మ పిలుపు వినిపిస్తానని. ఆరోజు కూడా ఎండే. నోరు తెరిచింది. గాలి వచ్చింది. ఉత్త గాలి. మళ్ళీ ప్రయత్నించింది. ఊరివాళ్ళందరూ బూట్లు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. ఆ తరవాత ఇంట్లో కూనిరాగం కూడా విన్నవాణ్ణి కాదు.

ఇప్పుడు కొండంత జనం ముందు మళ్ళీ అదే జరిగితే? కారు బాగుపడకపోతే ఎవరి తప్పూ కాదు. కారు పోయింది, అంతే. అందరూ అయ్యో అంటారు. ఎవరూ బూట్లు చూసుకోరు.

అలా అని నేను పని ఆపలేదు. కారుకి కొంచెం విశ్రాంతి.

జూలై 17

షెడ్డు తెరవలేదు. వేరే పని ఉంది.

జూలై 18

వేరే పని.

జూలై 19

పొద్దున చల్లగా ఉండగానే అక్క షెడ్డు దాకా వచ్చింది. నాలుగు కాళ్ళ నడకబండి తోసుకుంటూ, గడ్డిలో ఆగుతూ. నేను ఖాళీగా బల్లమీద కూర్చుని రేడియో వింటున్నాను.

"ఇదా నీ వేరే పని?"

రేడియో ఆపాను.

"తూరె, నా మొహం చూసి చెప్పు. కారు బాగవట్లేదా, బాగుచెయ్యట్లేదా?"

"అక్కా, నీకు అక్కడ ఎండలో..."

"ఎండ సంగతి నాకు తెలుసు. పద్నాలుగేళ్ళుగా నాతోనే కాపురం చేస్తోంది. నువ్వు దేనికి భయపడుతున్నావో అది చెప్పు."

"గొంతు," అన్నాను. నేల చూస్తూ అన్నాను.

అక్క నడకబండి నా మోకాలికి తగిలించింది, చిన్నప్పుడు కర్రతో పొడిచినట్టే.

"గొట్టాలు నీవి. గొంతు నాది. నీ పని నువ్వు చూసుకో, నా పని నేను చూసుకుంటా. పోతే నా పరువు పోతుంది, నీదేం పోతుందిరా?"

వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరక్కుండానే అంది, "ఆ రోజు అందరితోపాటు నువ్వూ తల దించుకున్నావు. ఈసారి దించుకోకు, చాలు."

కళ్ళు మసకబారినా అది చూసింది. ఇన్నాళ్ళూ మోసింది.

జూలై 20

రేడియేటర్ విప్పాను. ముందే విప్పాల్సింది. నీళ్ళన్నీ దించి, బోల్టులు తీసి, పెద్ద జాలీని వెనక్కి లాగితే దానికీ, దాని ముందున్న చల్లగాలి జాలీకీ మధ్య ఒక బూడిదరంగు గుడ్డ కనపడింది. ముందునుంచి చూస్తే కనపడదు, వెనకనుంచి చూస్తే కనపడదు. రెండు జాలీల నడుమ సగం కిందికి జారి, మడతపడి, దర్జాగా కూర్చుంది. పట్టుకుని లాగాను. మా పశువులపాకలో తగిలించి ఉండే గుర్రం కంబళిలో ముక్క.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

మొదట పట్టలేని కోపం వచ్చింది. ఏ వెధవ పెట్టాడు, ఎవడి తెలివి ఇది అని అరిచాను. అట్ట ముందు పెడితే చాలదని చలి మరీ ముదిరినప్పుడు లోపల ఇంకో పొర వేస్తారు, మా తాతల పద్ధతి అది, ఇప్పుడెవరూ చెయ్యరు. తిప్పి చూశాను. నాలుగు అంచులూ కుట్టి ఉన్నాయి, పోగులు ఊడకుండా. ఎర్ర ఊలు. చిన్న చిన్న కుట్లు, ఒకే కొలతలో. పైన రెండు మూలలా తగిలించడానికి ఊలుతోనే అల్లిన తాళ్ళు. అవి తెగాయి, అందుకే కంబళి కిందికి జారింది.

ఆ కుట్టు నాకు తెలుసు. నా చిన్నప్పటి చేతితొడుగులన్నిటికీ ఆ కుట్టే.

కూలబడ్డాను. నేల మీదే.

జూలైలో అక్క చెయ్యి సూది పట్టుకోలేదు. ఈ కుట్టు జూలైది కాదు. ఇది చలికాలపు చెయ్యి. వేడి తీసుకుపోయిందంతా చలి తిరిగిస్తుందని నేనెప్పుడూ ఆలోచించలేదు. నేను సోమవారం ఎగువ అడవికి వెళ్ళిపోతాను, శనివారం వస్తాను, సరుకులు గుమ్మంలో పెడతాను, బయటికి రాకు అక్కా జారిపడతావు అంటాను. సరే అంటుంది.

ఆ చలిలో కారుకి కంబళి ఎందుకు కట్టింది? ఇంట్లో కూర్చునే మనిషికి ఇంజను వెచ్చగా ఉండాల్సిన అవసరమేముంది?

అప్పుడు ఎవర్ట్ టోపీ గుర్తొచ్చింది.

షెడ్డు ఎండ వేడికి ఉడికిపోతుంటే నాకు చలేసింది. మైనస్ ముప్ఫై నాలుగులో, పొగమంచులో, కారుని మంచు మీదికి తోలుకెళ్ళి, ఇంజను ఆపి, దిగి, తన కాళ్ళమీద తను నిలబడి, ఎవరూ వినకుండా, అందరిముందు పోగొట్టుకున్నదాన్ని తవ్వి తెచ్చుకుంది మా అక్క. దిగొచ్చాక ఇంజను అందుకోవాలి కదా, లేకపోతే అక్కడే బిగుసుకుపోవాలి కదా. అందుకు కంబళి. ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. చెబితే నేనేం చేసేవాణ్ణో నాకు తెలుసు. తాళం లాక్కునేవాణ్ణి.

ఇంత మనిషి పక్కింట్లో ఉంటే నేను సరుకుల సంచీ మోసి గొప్ప తమ్ముణ్ణనుకున్నాను.

కంబళి దులిపాను, మడతపెట్టాను. రేడియేటర్ బిగించి నీళ్ళు పోసి గేజీలు తగిలించాను. ఎర్ర ముల్లు ఎక్కి ఎక్కి పదిహేను దగ్గర ఆగింది. అక్కడే ఉంది. ఎంతసేపు చూశానో తెలీదు, అక్కడే ఉంది. ఇంజను ముల్లు కూడా గీత దిగింది.

జూలై 21

"కారు బాగైంది," అన్నాను.

"ఏమిటట?"

"రెండు జాలీల మధ్య కంబళి ముక్క ఇరుక్కుంది."

అక్క పుల్లపాలలో చెంచా తిప్పుతోంది. చెంచా ఆగింది.

"ఏ కంబళి?"

"బూడిదరంగుది. ఎర్ర ఊలు కుట్టుంది."

"ఎలకలు లాక్కెళ్ళుంటాయి."

"కుట్టు కూడా ఎలకలే వేశాయా?"

"మా ఊరి ఎలకలు పనిమంతులు," అంది. చెవులు ఎర్రబడ్డాయి.

జూలై 25

రేపు. ఇరవై తొమ్మిది డిగ్రీలట. వంతెన దాటి ఎగువ మలుపు దాకా రెండుసార్లు తిప్పి చూశాను. ముల్లు కదల్లేదు.

జూలై 27

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

అక్కే నడిపింది. చేతి మీటలమీద వేళ్ళు చక్కగా ఆడాయి. అద్దాలన్నీ మూసి, లోపల పదహారు డిగ్రీలు. నేను పక్కన కోటు వేసుకుని కూర్చున్నాను. జూలైలో. కంకర దుమ్ము వెనక గోడలా లేస్తోంది. తను దారి పొడుగునా నన్ను ఏడిపిస్తూనే ఉంది, ముక్కు కారుతోంది తుడుచుకో అని. కళ్ళు తేటగా ఉన్నాయి. రోడ్డు పక్క నక్క పిల్లని నాకన్నా ముందు తనే చూసింది.

కొండదొడ్డి దగ్గర జనం చాలామందే. పాత కొట్టాలు, పొయ్యి మీద జున్ను మరుగుతున్న వాసన. ఎవర్ట్ కూడా వచ్చాడు, గుండీలన్నీ పెట్టుకుని. కారుని బయలు అంచుకి తీసుకెళ్ళి ఆపాం. ఇంజను తిరుగుతూనే ఉంది. అక్క కాస్త దించిన అద్దం దగ్గరికి బిర్గిట్ వంగింది.

"ఆవులు పొద్దున్నే అడవిలోకి పోయాయి మెర్తా. సాయంత్రం దాకా రావు. ఉత్తినే జనం కోసం పిలువు, చాలు."

"జనం కోసం పిలవడానికి జనం అడవిలో లేరుగా," అంది అక్క. నావైపు తిరిగింది. "ఇంజను ఆపు."

"ఆపితే చల్లగాలి ఆగిపోతుంది."

"ఈ చప్పుడులో ఏ ఆవు వింటుందిరా? ఆపు."

మూడు వారాలు నేను దేనికోసం కొట్టుకున్నానో దాన్ని నా చేత్తో నేనే ఆపాలి. స్టీరింగు పక్కకి చెయ్యి చాపాను. తాళం తిప్పాను. ఫ్యాను మూలిగి ఆగింది. ఒక్కసారిగా కొండంతా నిశ్శబ్దం. నేను దిగి వెళ్ళి తన పక్క తలుపు తియ్యగానే ఎండ లోపలికి వచ్చింది.

సీటు తిప్పాను. కాళ్ళు కిందపెట్టింది. నేను చెయ్యి అందించబోతే వద్దంది. తలుపు పట్టుకుని లేచింది. తలుపు వదిలేసింది. గడ్డిలో నాలుగడుగులు వేసి నిలబడింది. అంతదూరం ఏ ఊతా లేకుండా తను నడవడం చూసి నాకు ఎన్నేళ్ళయిందో. అరచెయ్యి చెంపకి ఆనించుకుంది, అమ్మమ్మలాగా.

నేను తల దించుకోలేదు. తన మొహమే చూశాను.

పిలిచింది.

ఆ గొంతు ఆ ఒంట్లోది అంటే ఎవరు నమ్ముతారు? పైకి వెళ్ళింది. ఇంక పైన చోటు లేదనుకున్న దగ్గర ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ కాసేపు నిలబడి, విరిగి, కిందికి దొర్లుకుంటూ వచ్చింది. అవతలి కొండ దాన్ని అందుకుని తిరిగి ఇచ్చింది. మళ్ళీ పిలిచింది, ఆవుల పేర్లు పెట్టి, ఎప్పుడో చచ్చిపోయిన అమ్మమ్మ ఆవుల పేర్లు. చుట్టూ ఎవరూ కదల్లేదు. ఎవర్ట్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. నావైపు చూసి, చెప్పలా అన్నట్టు తలాడించాడు. నేనూ ఆడించాను. ఎవర్ట్ కళ్ళలో నీళ్ళున్నాయి, నాకూ ఉన్నాయి. చదివేవాళ్ళెవరూ లేరు కాబట్టి దాచడమెందుకు, నేను వెక్కివెక్కి ఏడ్చాను.

పిలుపు ఆగింది. ఏమీ లేదు. ఈగల చప్పుడు. ఎవరో చప్పట్లు కొట్టబోతే అక్క చెయ్యెత్తి ఆపింది. తను వింటోంది. మోకాళ్ళు వణకడం మొదలైంది, నాకు కనపడుతోంది. పరిగెత్తాలనుంది, పరిగెత్తకూడదు.

అప్పుడు అడవిలో, చాలా దూరంలో, గంట. ఒకటే. తరవాత ఇంకొకటి. తరవాత కొండవాలంతా గంటలు. మిట్టమధ్యాహ్నం, మేత వదిలేసి, కొమ్మలు విరుచుకుంటూ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. అక్కకి పేర్లు కూడా తెలియని ఆవులు, అక్క గొంతు ఎన్నడూ విననివి. ముందున్న తెల్లావు జనంలో ఎవర్నీ చూడకుండా తిన్నగా వచ్చి తన పొట్టకి మూతి ఆనించింది. "ఇది నా మాటే వినదు," అంటోంది బిర్గిట్ పక్కవాళ్ళతో, నోరు మూయడం మరిచిపోయి.

అక్క ఆవు మెడ పట్టుకుని నిలబడింది. ఆవు కదలకుండా నిలబడింది. నేను చేరేసరికి తన కళ్ళు నామీద నిలవట్లేదు.

"తూరేనా?"

"నేనే అక్కా."

"వచ్చాయా?"

"అన్నీ వచ్చాయి."

"ఇప్పుడు పెట్టు నీ చల్లగాలి," అని నా మీద వాలిపోయింది.

ఎత్తుకుని సీట్లో పెట్టి తాళం తిప్పాను. చల్లగాలి వచ్చింది. వస్తూనే ఉంది. తన మొహం మీది ఎరుపు మెల్లగా తగ్గింది. కళ్ళు తెరిచి నన్ను చూసింది, నన్నే. ఈ గొట్టాలకి, ఈ గ్యాసుకి, వేడిని మోసే ఆ లోపలి వస్తువుకి అక్కడే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా, తలుపు చాటున, ఎవరికీ కనపడకుండా.

జనవరి 11

మైనస్ ఇరవై తొమ్మిది. సరస్సు గట్టిపడింది, ఎవర్ట్ మంచు మందం కొలిచి చెప్పాడు. మిషన్ల దగ్గరికి వెళ్ళడం రెండ్రోజులు వాయిదా వేశాను.

పొద్దున షెడ్డులో అక్క కారు మూత ఎత్తి కంబళి పెడుతున్నాను. తెగిన తాళ్ళ బదులు తోలుపట్టీలు కుట్టించాను. రెండు జాలీల మధ్య పైనుంచి దింపి మూలలు బిగిస్తున్నాను. వెనక అడుగుల చప్పుడు. నడకబండి చప్పుడు లేదు, ఉత్త అడుగులు. తిరగలేదు.

అక్క నా భుజం మీదుగా తొంగి చూసింది. ఊపిరి పొగ నా చెవి పక్కనుంచి పోతోంది.

"ఎడంపక్క ఇంకొంచెం లాగు," అంది. "గాలి అక్కడే దూరుతుంది."

లాగాను.

"ఏప్రిల్లో అట్టతో పాటు నువ్వు ఇదీ తీసేశావనుకున్నానురా."

"ఉందని తెలిస్తే కదా తియ్యడానికి."

"చెప్తే కదా తెలియడానికి," అని నవ్వింది. మూత తనే కిందికి వేసింది. "సరస్సు మీదికి వెళ్తున్నా. వస్తావా? వస్తే నోరు మూసుకుని కూర్చోవాలి. ఇంజను ఆపుతాను."

"ఈ చలిలో ఆపితే మళ్ళీ అందుకోదేమో అక్కా."

"అందుకుంటుంది," అంది. "కంబళి ఉందిగా."